స్టెప్నీ ఎవరి మాట?

ఆ కాల్ రికార్డింగ్ నాలుగు నిమిషాల చిల్లర ఉంటుంది. ఇప్పటికీ నాకు మొత్తం బట్టీ.

ఆరేళ్ల కిందటి సంగతి. హైదరాబాద్‌లో ఒక కాల్ సెంటర్‌లో కొత్తగా చేరాను. నైట్ షిఫ్ట్. ఇంగ్లండ్‌లో కార్లు అద్దెకి తీసుకున్నవాళ్లకి దారిలో ఏదైనా ఇబ్బంది వస్తే ఫోన్ చేసే నంబర్ ఒకటి ఉంటుంది కదా, ఆ ఫోన్లు ఎత్తేది మేమే. ట్రైనింగ్ అయిపోయి అసలు కాల్స్ తీసుకోవడం మొదలుపెట్టి నాలుగు రోజులు కూడా కాలేదు. యార్క్ దగ్గర ఎక్కడో రోడ్డు పక్కన కారు ఆపుకుని ఒకాయన ఫోన్ చేశాడు. టైరు పేలిపోయింది. వెనక సీట్లో పిల్లాడు ఏడుస్తున్నాడు.

నేను చాలా ధైర్యంగా, ముద్దుముద్దుగా, నేర్పిన యాసలోనే అడిగాను. "సార్, మీ డిక్కీలో స్టెప్నీ ఉందా?"

అటువైపు నిశ్శబ్దం.

"సారీ?"

మళ్లీ అడిగాను. ఈసారి 'స్టెప్నీ'ని ఇంకాస్త స్టైల్‌గా పలికాను. ఆయన పాపం మర్యాదస్తుడు. "అమ్మా, స్టెప్నీ లండన్‌లో ఉంది. నేను యార్క్‌లో ఉన్నాను" అన్నాడు.

నిజమే, లండన్ తూర్పు వైపున స్టెప్నీ అనే పేట ఒకటి ఉంది. ఆ సంగతి నాకు అప్పుడు తెలీదు. నేను టైరు గురించి అడుగుతున్నాను. ఆయన ఊరు గురించి చెబుతున్నాడు. ఇద్దరం ఇంకో నిమిషం అలాగే కొట్టుకున్నాక పక్క సీటు అమ్మాయి హెడ్‌సెట్ లాక్కుని "స్పేర్ వీల్, సార్" అంది. ఆయన "ఓ!" అన్నాడు. సమస్య తీరిపోయింది, ఆయనకి.

నాకు మర్నాడు మొదలైంది. ట్రైనర్ ఆ రికార్డింగ్‌ని క్లాసులో స్పీకర్ పెట్టి వినిపించాడు. ఇరవై మందికి పైగా ఉన్నాం. 'స్టెప్నీ లండన్‌లో ఉంది' దగ్గర ఆపి, మళ్లీ వెనక్కి తిప్పి, రెండోసారి వినిపించాడు. నా ఫీడ్‌బ్యాక్ ఫారంలో "లోకల్ పదాలు వాడకూడదు" అని రాశాడు. ఆ తర్వాత రెండు నెలలు అక్కడ నా పేరు స్టెప్నీ. "ఏయ్ స్టెప్నీ, టీకి వస్తున్నావా?" "స్టెప్నీ, క్యాబ్ వచ్చింది."

నవ్వడం వరకూ నేనూ నవ్వాను. కానీ ఆ 'లోకల్' అనే ముక్క మాత్రం ముల్లులా దిగిపోయింది. ఎందుకంటే ఆ మాట నాకు నేర్పింది మా నాన్న.

బండంతా ఇంగ్లీషే

మాది ఖమ్మం జిల్లా. నాన్న తొమ్మిదో తరగతితో ఆపేసి లారీ మీద క్లీనర్‌గా వెళ్లాడు. తర్వాత డ్రైవర్ అయ్యాడు. నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు ఫైనాన్స్ మీద సొంత బొలేరో కొన్నాడు. భద్రాచలం ట్రిప్పులు, పెళ్లిళ్లు, ఆస్పత్రి కేసులు, ఏది దొరికితే అది. బొలేరోకి వెనక తలుపు మీద టైరు బిగించి ఉంటుంది చూశారా, దాని కవరు మీద పెయింటర్‌తో నా పేరు రాయించాడు. 'చిన్ని' అని ఎర్ర అక్షరాలు, కింద రెండు గులాబీ పూలు. ఊళ్లో ఎవరు వెనక నుంచి చూసినా "అదిగో చిన్ని బండి" అనేవాళ్లు.

నాది తెలుగు మీడియం. ఆరో తరగతిలో ఇంగ్లీషు అంటే ఏడుపొచ్చేది. ఒక ఆదివారం నాన్న నన్ను బండి దగ్గరికి తీసుకెళ్లాడు. "ఇంగ్లీషు రాదని ఎవరన్నారు నీకు? బండంతా ఇంగ్లీషే" అన్నాడు. బానెట్ ఎత్తి రేడియేటరు, బ్యాటరీ, ఫ్యాన్ బెల్టు, ఫిల్టరు చూపించాడు. లోపలికెక్కి స్టీరింగు, క్లచ్చు, బ్రేకు, గేరు రాడ్డు. వెనక్కొచ్చి టైరు మీద అరచేత్తో కొట్టి, "ఇది స్టెప్నీ. నాలుగు చక్రాల్లో ఏదో ఒకటి మోసం చేస్తది. ఇది చెయ్యదు" అన్నాడు. నోట్‌బుక్‌లో అన్నీ రాసుకున్నాను. నలభై దాకా వచ్చాయి. నా జీవితంలో భయపడకుండా నేర్చుకున్న మొదటి ఇంగ్లీషు మాటలు అవి.

అలాంటిది, ఆ రోజు షిఫ్ట్ అయ్యాక పొద్దున్నే హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఆయనకి ఫోన్ చేశాను. అందరి మీదా ఉన్న కోపం ఎవరి మీద చూపిస్తాం? పడేవాళ్ల మీదే కదా.

"నాన్నా, స్టెప్నీ అనేది అసలు ఇంగ్లీషే కాదంట. డ్రైవర్లు కల్పించుకున్న మాటంట. నీ వల్ల నా పరువు పోయింది."

"అవునా అమ్మా" అన్నాడు. కాసేపాగి, "మాకేం తెలుస్తది తల్లీ, మా గురువు అట్లనే చెప్పిండు, నేను నీకు చెప్పిన" అన్నాడు. అంతే.

దసరాకి ఇంటికెళ్లాను. పాల్వంచ దారిలో టైరు పంచరైంది. నాన్న జాకీ ఎత్తుతూ కూడా వచ్చిన కుర్రాడితో, "అరేయ్, ఆ… స్పేర్ వీల్ దింపు" అన్నాడు. వాడికి అర్థం కాలేదు. "ఏంది బాబాయ్?" అన్నాడు. నాన్న ఒక్కసారి నా వైపు చూసి, గొంతు తగ్గించి, "స్టెప్నీ రా" అన్నాడు. తప్పు చేసినవాడిలా.

ఆ చూపు ఇవాళ్టికీ నాతోనే ఉంది.

బ్రెజిల్ నుంచి వచ్చిన క్లూ

తర్వాత నేను ఆ ఉద్యోగం మానేశాను. ఇప్పుడు వేరే కంపెనీలో వెబ్‌సైట్లకి కంటెంట్ రాస్తాను. రెండేళ్ల కిందట ఒక ప్రాజెక్టులో బ్రెజిల్ అతను మాతో పనిచేసేవాడు. వీడియో కాల్‌లో ఒకరోజు ఆలస్యంగా వచ్చి, దారిలో టైరు పోయిందని, 'ఎస్టెపీ' మార్చుకుని వచ్చేసరికి ఈ టైమైందని చెప్పాడు. ఎస్టెపీ ఏంటి అని అడిగితే, వాళ్ల పోర్చుగీసులో అదనపు చక్రాన్ని అలాగే అంటారట.

స్టెప్నీ. ఎస్టెపీ. నాకు చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఖమ్మం డ్రైవర్లు కల్పించుకున్న మాట బ్రెజిల్‌కి ఎలా వెళ్తుంది చెప్పండి?

ఆ రాత్రి నిద్రపోలేదు. వెతికాను. దొరికింది. ఆ మాటకి పుట్టిన ఊరుంది, పుట్టిన వీధుంది, కన్నవాళ్లున్నారు.

ఊరు లనెల్లీ. ఇంగ్లండ్ కాదు, దాని పక్కనున్న వేల్స్. దక్షిణ తీరంలో కార్మార్థెన్‌షైర్ జిల్లాలో ఉంటుంది. (లనెల్లీ అని రాస్తున్నాను గానీ అసలు ఉచ్చారణ అది కాదు. నాలుక కొనని పైపళ్ల వెనక ఆనించి, రెండు పక్కల నుంచీ బుస్సుమని గాలి వదలాలి. ళ ఉన్న భాషవాళ్లం, మనకే నోరు తిరగట్లేదు. ఇంకా ఇంగ్లీషువాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.) ఇనప రేకుల మీద తగరం పూత పూసే ఫ్యాక్టరీలకి ఆ ఊరు ఒకప్పుడు ఎంత పేరంటే, దాన్ని 'టినోపొలిస్' అనేవాళ్లు. అంటే రేకులపురం అనుకోండి.

ఆ ఊరికి జమీందార్లలాంటి కుటుంబం ఒకటి ఉండేది. వాళ్ల ఇంటిపేరు స్టెప్నీ. వాళ్ల పేరు మీదే బజార్లో స్టెప్నీ స్ట్రీట్ ఉంది. ఆ వీధికి చెందినవాళ్లే థామస్ డేవిస్, వాల్టర్ డేవిస్ అనే అన్నదమ్ములు. ఇనప సామాన్ల వ్యాపారం వాళ్లది. 1904లో వాళ్లు కనిపెట్టిన వస్తువే స్టెప్నీ చక్రం. 1906లో ఏకంగా కంపెనీయే పెట్టేశారు. వీధి పేరే కంపెనీ పేరు. కంపెనీ పేరే వస్తువు పేరు. వస్తువు పేరే నాన్న నోట్లో మాట.

అంటే చూడండి, యార్క్ ఆయన లండన్ స్టెప్నీ అనుకున్నాడు. ఈ మాట వచ్చింది మాత్రం లనెల్లీ వీధి నుంచి. మా ట్రైనర్ లోకల్ మాట అన్నాడు. లోకలే, కాదనను. లనెల్లీ లోకల్!

అంతకుముందు ఏం చేసేవాళ్లు?

ఇది తెలిస్తే తప్ప ఆ అన్నదమ్ములు చేసింది ఎంత పెద్ద పనో అర్థం కాదు. మనకిప్పుడు కారంటే నాలుగు చక్రాలు ప్లస్ ఒకటి. కానీ మొదట్లో వచ్చిన కార్లకి ఆ 'ప్లస్ ఒకటి' లేదు. పైగా ఇప్పట్లా నాలుగైదు నట్లు విప్పితే ఊడొచ్చే చక్రాలు కావవి. చాలా వాటికి గుర్రబ్బండి చక్రాల్లా కర్ర ఆకులుండేవి, చక్రం ఇరుసుకే బిగించి ఉండేది. రోడ్లేమో గుర్రాలవి. వాటి నాడాల నుంచి ఊడిన మేకులు దారి పొడుగునా. ఆ మేకుల మీద గాలి టైర్లు వేసుకుని వెళ్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? పంచర్ల మీద పంచర్లు.

పంచరైతే ఇక నడిరోడ్డు మీదే పని. చక్రాన్ని బండికి ఉంచే, ఇనప పట్టీలతో టైరుని రిమ్ము మీద నుంచి పెరకాలి. లోపలి ట్యూబు లాగాలి. చిల్లు వెతికి ప్యాచ్ వెయ్యాలి. మళ్లీ దూర్చాలి. చేతి పంపుతో గాలి కొట్టాలి. వాన పడుతుంటే? చీకటైతే? సూట్లు వేసుకుని పార్టీకి బయల్దేరినవాళ్ల గతి ఊహించుకోండి.

డేవిస్ అన్నదమ్ముల ఆలోచన చాలా సింపుల్. చక్రం ఊడదీయడం కష్టమా? అయితే ఊడదీయొద్దు. ఆకులు లేని ఉత్త ఉక్కు రిమ్ము ఒకటి తీసుకున్నారు. దానికి టైరు ఎక్కించి ముందే గాలి నింపి పెట్టారు. పంచరైన చక్రం పక్కనే దీన్ని ఆనించి, కొక్కేల్లాంటి క్లాంపులతో బిగిస్తే సరి. పోయిన టైరు పోయినట్టే ఉంటుంది, బరువు మాత్రం కొత్తది మోస్తుంది. కొన్ని నిమిషాల పని. ఇంటికో షాపుకో చేరాక తీరిగ్గా రిపేరు చేసుకోవచ్చు.

అది దుమ్ము లేపింది. లండన్ టాక్సీల వాళ్లు తగిలించుకున్నారు. బ్రిటిష్ వాళ్ల ఓడలు వెళ్లిన ప్రతి రేవుకీ అదీ వెళ్లింది. మన దేశానికి అలాగే వచ్చింది. మధ్యధరా సముద్రంలో మాల్టా అనే చిన్న దీవుల దేశం ఉంది కదా, అక్కడా ఇప్పటికీ అదనపు చక్రాన్ని స్టెప్నీ అనే అంటారు. బంగ్లాదేశ్‌లోనూ అంతే. బ్రెజిల్ సంగతి చెప్పాను.

మరి సొంతూళ్లో ఎందుకు పోయింది? దాన్ని చంపింది తర్వాత వచ్చిన ఊడే చక్రాలు. నట్లు విప్పి చక్రం మొత్తం మార్చేసే వీలొచ్చాక, పక్కన ఇంకో రిమ్ము బిగించే అవసరం ఏముంది? కొన్నేళ్లలోనే ఆ వస్తువు మూలకి చేరింది. ఇంగ్లండ్‌లో వస్తువుతోపాటే మాటా వెళ్లిపోయింది. 'స్పేర్ వీల్' అనే ఉప్పూకారం లేని మాట మిగిలింది. ఇవాళ అక్కడ పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్లకీ నిఘంటువులు తిరగేసేవాళ్లకీ తప్ప 'స్టెప్నీ' తెలియదు. మన దగ్గర మాత్రం వస్తువు పోయినా మాట పోలేదు. అది పాత చక్రం మీద నుంచి దిగి, కొత్తగా వచ్చిన అయిదో చక్రం ఎక్కి కూర్చుంది.

నిక్కచ్చిగా మాట్లాడితే బొలేరో వెనక ఉన్నది డేవిస్ గార్ల స్టెప్నీ కానే కాదు. అయినా సరే. మనం ఫోన్ 'పెట్టేస్తున్నా' అంటాం, ఎక్కడ పెడుతున్నాం?

జేసీబీ మామ బంధువులు

కంపెనీ పేరు వస్తువు పేరైపోవడం మనకి కొత్తేం కాదు. జిరాక్స్ సంగతి అందరికీ తెలిసిందే. పసుపు రంగు మట్టి తవ్వే యంత్రం ఏ కంపెనీదైనా మనకి జేసీబీనే. అది జోసెఫ్ సిరిల్ బ్యామ్‌ఫర్డ్ అనే ఇంగ్లీషాయన పేరులోని పొడి అక్షరాలు. ఊళ్లో కుంట పూడిక తీయడానికి 'పొక్లెయిన్' వచ్చిందంటాం. పొక్లెయిన్ అనేది ఒక ఫ్రెంచ్ కంపెనీ. ఇవన్నీ తాపీమేస్త్రీలు, డ్రైవర్లు, కూలీలు మోసుకొచ్చిన మాటలు. ఏ పాఠ్యపుస్తకంలోనూ చెప్పలేదు, ఏ టీచరూ నేర్పలేదు. అందుకే కాబోలు, వీటిని వినగానే 'తప్పు ఇంగ్లీషు' అనేస్తాం.

అన్నట్టు ఆ రాత్రి నేను యార్క్ ఆయన్ని అడిగిన రెండో మాట 'డిక్కీ'. దానికీ పెద్ద కథే ఉంది. గుర్రబ్బళ్ల కాలంలో డిక్కీ అంటే బండి తోలేవాడు కూర్చునే సీటు. తర్వాత బండి వెనక నౌకర్లు కూర్చునే సీటుకీ అదే పేరు. కార్లొచ్చాక, వెనకవైపు మూత ఎత్తితే బయటికి తెరుచుకునే సీటుని డిక్కీ సీట్ అన్నారు. పాత బ్లాక్ అండ్ వైట్ సినిమాల్లో వెనక టాప్ లేకుండా ఇద్దరు కూర్చుని గాలికి ఊగుతూ పోతుంటారే, అది. సీటు పోయి అక్కడ సామాన్లు వచ్చాయి. ఇంగ్లండ్ వాళ్లు దాన్ని బూట్ అంటున్నారు, అమెరికా వాళ్లు ట్రంక్ అంటున్నారు. మనం మాత్రం నౌకర్ల సీటు పేరుతోనే సూట్‌కేసులు పెట్టుకుంటున్నాం.

ఇక 'సెల్ఫ్ కొట్టు' అంటాం. సెల్ఫ్ స్టార్టర్‌లో సగం ముక్క. 1912లో అమెరికాలో క్యాడిలాక్ కార్లకి చార్లెస్ కెట్టరింగ్ చేసిన ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చేదాకా ముందు నిలబడి ఇనప హ్యాండిల్ తిప్పాల్సిందే. అది ఎదురు తన్నితే చెయ్యి విరిగేది. కాబట్టి తనంతట తాను స్టార్టవ్వడం అప్పట్లో పెద్ద వింత. ఆ వింత మన 'సెల్ఫ్'లో అలాగే ఉండిపోయింది. బ్యాటరీ డౌనై "సెల్ఫ్ అందుకోవట్లేదు" అని మీరు తిట్టుకునేటప్పుడు ఒకసారి గుర్తు చేసుకోండి.

నాకు నచ్చని వాడకం

స్టెప్నీకి ఇంకో అర్థం కూడా తగిలించారు మనవాళ్లు. మీకు తెలుసు. పెళ్లయిన మగాడికి ఇంకో సంబంధం ఉంటే, ఆమెని 'స్టెప్నీ' అంటారు. అరుగుల మీద ఆ జోకు విననివాళ్లుండరు. మెయిన్ టైరు ఉండగా అవసరానికి ఇంకోటి అని. ఆఫీసులో నన్ను ఆ పేరుతో పిలిచేటప్పుడు కొందరి నవ్వులో ఆ అర్థం కూడా ఉందని నాకు కాస్త ఆలస్యంగా అర్థమైంది. అర్థమయ్యాక ఒకబ్బాయికి గట్టిగానే ఇచ్చాను. మర్నాటి నుంచి మానేశాడు.

సాఫ్ట్‌వేర్ ఫ్రెండ్స్ బెంచ్ మీద ఉన్నప్పుడు తమని తాము స్టెప్నీలమని చెప్పుకుంటారు. ఇది కొంచెం నయం, తమ మీద తామే వేసుకునే జోకు. క్రికెట్‌లో పన్నెండో మనిషినీ అనడం విన్నాను. కానీ ఈ వాడకాలన్నిట్లో నాకు తేడాగా అనిపించేది ఒకటుంది. వీటన్నిట్లో స్టెప్నీ అంటే తక్కువ, లెక్కలో లేనిది. నాన్న వాడకంలో అలా కాదు. ట్రిప్పుకి ముందు ఆయన ఆ నాలుగు చక్రాల కన్నా దాన్నే ఎక్కువసేపు చూసేవాడు. గాలి ఉందా, నట్లు బిగువుగా ఉన్నాయా, అరిగిందా అని. స్టెప్నీ బాలేకపోతే రాత్రి ట్రిప్పు ఒప్పుకునేవాడు కాదు. ఒకసారి పురిటినొప్పుల కేసుని ఏజెన్సీ ఊరి నుంచి తెస్తుంటే అర్ధరాత్రి అడవిలో టైరు పోయిందట. సిగ్నల్ లేదు. ఆ రోజు స్టెప్నీలో గాలి లేకపోయుంటే ఏమయ్యేదో అని చాలాసార్లు చెప్పేవాడు. ఆ పుట్టిన పిల్లాడు ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు.

నా పేరు ఆయన బానెట్ మీద రాయించలేదు, అద్దం మీద రాయించలేదు. దాని మీద రాయించాడు.

నాన్నకి చెప్పిన రోజు

ఇదంతా ఫోన్‌లో చెప్పబుద్ధి కాలేదు. ఆ శనివారమే బస్సెక్కాను. అన్నం తిన్నాక వాకిట్లో మంచం మీద కూర్చోబెట్టి ఫోన్‌లో పాత చక్రం బొమ్మ చూపించాను. లనెల్లీ, ఆ వీధి, అన్నదమ్ములు, 1904, అన్నీ చెప్పాను. ఆయన మొహం వెలిగిపోతుందని, కళ్లలో నీళ్లు తిరుగుతాయని నేను సినిమా సీన్ ఊహించుకున్నాను.

ఆయన ఫోన్ లాక్కుని బొమ్మని రెండు వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూశాడు.

"ఆకులు లేవు కదమ్మా దీనికి. బరువంతా ఈ కొక్కేల మీదనే పడ్తది. ఒక్కటి లూజైతే?"

"తెలీదు నాన్నా."

"పైగా చక్రం పక్కకి బిగిస్తుండు. బండి ఒక దిక్కు గుంజుతది. స్పీడు పోరాదు దీని మీద. మెల్లగ పోవాలె." కాసేపు ఆలోచించి, "వాళ్లిద్దరూ డ్రైవర్లేనా?" అన్నాడు.

"కాదు, ఇనప సామాన్ల వ్యాపారం."

"అదీ సంగతి. బాగుచేసేటోడు అట్ల ఆలోచించడు. అమ్మేటోడే ఆలోచిస్తడు" అని నవ్వాడు.

నేను అసలు విషయానికి వచ్చాను. "నాన్నా, ఆ రోజు ఫోన్‌లో నేను నిన్ను…"

"ఆ, అదా? నేనెప్పుడో మర్చిపోయిన తల్లీ" అన్నాడు. మర్చిపోలేదని ఇద్దరికీ తెలుసు. లోపల్నుంచి అమ్మ, "మర్చిపోతే మొన్న కూడా షాపులో స్పేర్ వీల్ స్పేర్ వీల్ అని ఎందుకన్నవ్?" అని అరిచింది. ఆయన వినబడనట్టే ఊరుకున్నాడు.

ఎక్స్‌ట్రా టైరే లేని కార్లు

ఇప్పుడు ఇంకో మలుపు. మాట మిగిలి వస్తువు పోయే కాలం మళ్లీ వస్తోంది. 2020లో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు మార్చింది. మూడున్నర టన్నుల లోపు ప్యాసింజర్ బండికి ట్యూబ్‌లెస్ టైర్లు, చక్రాల్లో గాలి తగ్గితే హెచ్చరించే సిస్టమ్, పంచరు రిపేర్ కిట్ ఉంటే స్పేర్ టైరు ఇవ్వక్కర్లేదు. ట్యూబ్‌లెస్ టైరుకి మేకు దిగినా గాలి ఒక్కసారిగా పోదు, మెల్లగా దిగుతుంది. ఆలోగా కిట్‌లోని జిగురు ద్రవం ఎక్కించి, చిన్న కంప్రెసర్‌తో గాలి కొట్టి, షాపుదాకా నెట్టుకురావచ్చు. బరువు తగ్గుతుంది, చోటు కలిసొస్తుంది. ఎలక్ట్రిక్ కార్లలో బ్యాటరీకి చోటు కావాలి కాబట్టి వాళ్లకి ఇది ఇంకా సుఖం. కొన్ని కార్లలో సన్నటి స్పేర్ ఇస్తున్నారు, గంటకి 80 కిలోమీటర్లు దాటొద్దని దాని మీదే స్టిక్కర్ ఉంటుంది. అంటే మెల్లగా పోవాలన్నమాట, నాన్న చెప్పినట్టు.

సిటీలో తిరిగేవాళ్లకి కిట్ చాలేమో. కానీ టైరు పక్క గోడ చీరుకుపోతే ఆ జిగురు పనికిరాదు. మన ఊళ్లల్లో రోడ్డు మీద గుంటల అంచులు చూశారుగా. నన్నడిగితే, సిగ్నల్ లేని దారిలో తిరిగేవాళ్లు కొనేముందు డిక్కీలో కార్పెట్ ఎత్తి చూడండి. షోరూంలో మనకి సన్‌రూఫ్ చూపిస్తారు, ఇది చూపించరు.

మొన్న సంక్రాంతి తర్వాత మా బాబాయి కొడుకు కొత్త కారు బుక్ చేస్తానంటే నాన్నా నేనూ షోరూంకి వెళ్లాం. సేల్స్ కుర్రాడు టచ్‌స్క్రీన్, పాటలు, లైట్లు అన్నీ చూపిస్తున్నాడు. నాన్న అవేవీ వినకుండా వెనక్కెళ్లి డిక్కీ తీశాడు. కార్పెట్ ఎత్తాడు. అక్కడ చిన్న నల్ల డబ్బా, ఒక పైపు ఉన్నాయి. వంగి లోపలికి తొంగిచూశాడు. కింద కూడా వంగి చూశాడు.

"బాబూ, స్టెప్నీ ఏది?" అన్నాడు.

కుర్రాడు చిన్నగా నవ్వి, "స్పేర్ వీల్ ఈ మోడల్‌లో రాదు అంకుల్. పంక్చర్ కిట్ వస్తుంది" అన్నాడు.

"స్పేర్ వీల్ కాదు" అన్నాడు నాన్న, షోరూం అంతా వినబడేలా. "స్టెప్నీ. అది ఇంగ్లీషోళ్ల మాటే. వాళ్లు మర్చిపోయిండ్రు. ఇగో, మా చిన్ని చెప్తది."

కుర్రాడు నా వైపు చూశాడు. నాన్నా నా వైపు చూశాడు. నేను గొంతు సవరించుకునేలోపే ఆయన మళ్లీ కుర్రాడి వైపు తిరిగి అడిగాడు.

"సరేగానీ, స్టెప్నీ విడిగా కావాలంటే ఎంత?"